కన్ను ఒక గదిలో, మెడ ఒక గదిలో

మన జిల్లాల్లో కంటి శిబిరమంటే శుక్లాలు, కళ్లద్దాలే. 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు ఊరూరికీ కంటి పరీక్షను తెచ్చింది. ఆ మేలు చిన్నది కాదు. అయితే దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో వచ్చిన మహిళకు కళ్లు ఎర్రబడి, గుడ్లు ముందుకు పొడుచుకొస్తుంటే, చుక్కల మందు రాసిచ్చే చేయి, థైరాయిడ్ గ్రంథి ఉండే ఆమె మెడను కూడా తడిమి చూడాలన్నది నా వాదన.

శరీర రక్షణ వ్యవస్థ సొంత శరీరం మీదికే తిరగబడే గ్రేవ్స్ వ్యాధిలో పుట్టే యాంటీబాడీలు (రక్షణ కోసం రక్తంలో తయారయ్యే ప్రొటీన్లు) థైరాయిడ్ గ్రంథిని అతిగా పనిచేయించి ఊరుకోవు. కనుగుడ్డు వెనకనున్న కణజాలాన్నీ రెచ్చగొడతాయి. అక్కడి కండరాలు, కొవ్వు ఉబ్బుతాయి. చుట్టూ ఎముక గూడు కాబట్టి గుడ్డు ముందుకే జరగాలి. పైరెప్ప పైకి లాక్కుపోతుంది, నిద్రలోనూ కన్ను పూర్తిగా మూతపడదు, ఒకటి రెండుగా కనిపిస్తుంది. ఉబ్బిన కండరాలు కంటి నరాన్ని నొక్కితే ఎరుపు రంగు వెలిసినట్టు తోస్తుంది, ఆలస్యమైతే చూపే పోవచ్చు. రక్తపరీక్షలో థైరాయిడ్ సాధారణంగా ఉన్నవారిలో కూడా కొందరికి ఈ కంటి జబ్బు వస్తుంది కనుక, రిపోర్టు ఒక్కటే చూసి ధైర్యం చెప్పడం తగదు.

థైరాయిడ్ రోగుల్లో ఎక్కువమందికి హార్మోన్ తక్కువయ్యే రకమేనని, వారిలో కంటి జబ్బు అరుదని, అందరినీ పరీక్షించడం వృథా అని వైద్యులు అనవచ్చు. నేను అడుగుతున్నది అందరికీ రక్తపరీక్ష కాదు. గుండె దడ ఉందా, తిన్నా బరువు తగ్గుతోందా, బీడీ తాగుతారా అని అడగడానికి పైసా ఖర్చు లేదు.

బీడీ ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం. పొగ ఈ కంటి జబ్బును తెచ్చిపెడుతుంది, ముదరబెడుతుంది, చికిత్సను పారనివ్వదు. పొగతాగే రోగికి కళ్లు చూడకుండా రేడియో అయోడిన్ (థైరాయిడ్ గ్రంథి జోరును తగ్గించే రేడియోధార్మిక మందు) ఇస్తే, గ్రంథి అదుపులోకి వస్తూ ఉండగానే కన్ను మరింత చెడిపోయే ప్రమాదముంది. ఒక విభాగం చేసే మేలు రెండో విభాగంలో కీడుగా మారే ఈ చోటనే, శరీరాన్ని గదులుగా పంచుకున్న మన వైద్యం లోపం బయటపడుతుంది. ఫైలు చంకన పెట్టుకుని గది నుంచి గదికి తిరిగే రోగే ఇక్కడ వైద్యుల మధ్య ఏకైక వార్తాహరుడు. ఆ ఫైలులో ఏముందో చదవలేని మనిషి మీద అంత భారం మోపడం అన్యాయం.

నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. అక్కడి ఆసుపత్రుల్లో జనరల్ మెడిసిన్, కంటి వైద్యులు వారానికి ఒక్క పూట ఒకే గదిలో కూర్చుని ఇలాంటి రోగులను కలిసి చూస్తే, హైదరాబాద్ బస్సు నిజంగా ఎవరు ఎక్కాలో అక్కడే తేలిపోతుంది.