50 మీటర్ల వాచీతో 40 మీటర్లు దిగొచ్చా?

స్కూబా నేర్చుకునేవాళ్ల మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "వాచీ వెనక 50 మీటర్లు అని ఉంటే చాలు, మామూలు డైవర్ ఎలాగూ 40 దాటడు. అద్దం చుట్టూ తిరిగే రింగు, అదే బెజెల్, ఉత్త షోకు. డైవ్ కంప్యూటర్ (లోతూ టైమూ కొలిచి ఇంకెంతసేపు ఉండొచ్చో చెప్పే పరికరం) ఉంటే అసలు వాచీయే దండగ" అని.

ముందు ఆ 50 సంగతి. మామూలు వాచీలకు వర్తించే ఐఎస్ఓ 22810 రోజువారీ వాడకానికీ ఈతకీ పెట్టిన ప్రమాణం, డైవింగ్‌కి కాదు. అందులో కొన్ని శాంపిల్స్ పరీక్షిస్తే సరిపోతుంది. డైవర్ వాచీలది ఐఎస్ఓ 6425. కనీసం 100 మీటర్లు ఉండాలి, ప్రతి వాచీనీ రాసిన లోతుకి 25 శాతం ఎక్కువ ఒత్తిడిలో పెట్టి చూడాలి. తర్వాత వాచీని 40 డిగ్రీల పైకి వేడిచేసి అద్దం మీద చల్లటి నీటిచుక్క వేస్తారు. తుడిచాక లోపల మంచు పట్టినట్టు కనిపిస్తే ఆ వాచీ ఫెయిలే.

ఈ మెసేజ్‌ని తిట్టేవాళ్లూ ఒక పొరపాటు మాట అంటుంటారు: నీళ్లలో చెయ్యి ఊపితే ఒత్తిడి విపరీతంగా పెరుగుతుందని. సెకనుకు 3 మీటర్ల వేగంతో ఊపినా పెరిగేది అర మీటరు లోతు ఒత్తిడి కూడా కాదు. అసలు శత్రువులు పాతబడి గట్టిపడిన రబ్బరు సీలు, సరిగా బిగించని కీ.

బెజెల్ షోకు అన్నది మాత్రం నాకు ఒళ్లు మండించే మాట. నీళ్లలో దిగేటప్పుడు దాని మీది త్రికోణం గుర్తుని నిమిషాల ముల్లుకి ఎదురుగా తెచ్చి వదిలేస్తాం. ఆ తర్వాత ముల్లు బెజెల్ మీద ఏ అంకె దగ్గరుంటే అన్ని నిమిషాలైనట్టు. బెజెల్ ఎడమవైపుకే, అంటే ముల్లు తిరిగే దిక్కుకి ఎదురుగానే తిరుగుతుంది. పడవ అంచుకో రాయికో తగిలి జరిగిందే అనుకోండి, అయిన టైం ఎక్కువ చూపిస్తుందే తప్ప తక్కువ చూపించదు. మీరు పది నిమిషాలు ముందే పైకొస్తారు, అంతే.

కంప్యూటర్ మాటలో సగం నిజముంది. ఒంట్లో చేరిన నైట్రోజన్ లెక్క వాచీ కట్టలేదు, కాబట్టి ఒక్కటే కొనగలిగితే కంప్యూటరే కొనండి. కానీ ఒకసారి 18 మీటర్ల దగ్గర నా కంప్యూటర్ తెర ఆరిపోయింది. వెంటనే డైవ్ ఆపేసి, డెప్త్ గేజ్ చూసుకుంటూ నెమ్మదిగా పైకొచ్చి, ఒంట్లోని నైట్రోజన్ బయటికి పోయేందుకు 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగాను. ఆ 3 నిమిషాలూ లెక్కపెట్టింది చేతి వాచీయే. టెన్షన్‌లో మనసులో లెక్కపెడితే నిమిషం ముప్పై సెకన్లకే అయిపోతుంది.

మెసేజ్‌లో ఊసే లేనిది పట్టీ. లోతుకి పోయేకొద్దీ వెట్‌సూట్ (ఒళ్లు చల్లబడకుండా వేసుకునే రబ్బరు సూట్) నొక్కుకుపోయి పలచబడుతుంది. పైన బిగుతుగా ఉన్న స్టీలు పట్టీ 20 మీటర్ల దగ్గర వదులై, వాచీ మణికట్టు కిందికి జారిపోతుంది. సాగే రబ్బరు పట్టీ ఉన్నది తీసుకోండి, సూట్ చేతి మీదే పెట్టుకుని చూడండి.