గాలిదుమారంలో తొండకు దిక్కు కాలి పట్టా, రాతి సందా?

ఏప్రిల్, మే నెలల్లో పాలమూరు, నల్లగొండ చెలకల మీద గాలిదుమారం లేచిందంటే ఇంటి రేకులు లేస్తాయి, బత్తాయి తోటల్లో కాయ రాలుతుంది. ఆ గాలిలో జానెడు తొండ ఎట్లా నిలుస్తుంది? లెక్క దానికి అనుకూలంగా లేదు. గాలి వేగం రెట్టింపైతే తోపుడు నాలుగింతలవుతుంది. అదే ఆకారంలో జీవి పొడవు సగమైతే బరువు ఎనిమిదో వంతుకు పడిపోతుంది, గాలి తగిలే మేర మాత్రం నాలుగో వంతు దగ్గరే ఆగుతుంది. బరువుతో పోలిస్తే చిన్నదానికే దెబ్బ ఎక్కువ.

దీని మీద బాగా పేరొచ్చిన పరిశోధన కరీబియన్ వైపు టర్క్స్ అండ్ కైకోస్ దీవులది. 2017 సెప్టెంబరులో ఇర్మా, మరియా తుపాన్లు రాకముందే జీవశాస్త్రవేత్త కాలిన్ డోనిహ్యూ బృందం అక్కడి ఆనోల్ బల్లులను కొలిచి పెట్టుకుంది. కొన్ని వారాల తర్వాత మళ్లీ కొలిస్తే, మిగిలినవాటికి సగటున వేళ్ల కింది మెత్తలు పెద్దవి, ముందరి కాళ్లు పొడవు, వెనక తొడలు పొట్టి. కారణం తెలుసుకోవడానికి బల్లిని కర్ర మీద ఉంచి, వెనక వల కట్టి, ఆకులు ఊడ్చే బ్లోయరుతో గాలి పెంచుతూ పోయారు. బల్లి మొదట కర్ర చాటుకు తిరిగి ఒళ్లు అదిమింది. వేగం పెరిగితే బయటికి పొడుచుకొచ్చిన తొడలకు గాలి పట్టి వెనక కాళ్లు ముందు ఊడాయి. ఇక ముందరి కాళ్ల మీదే జెండాలా వేలాడి, చివరికి వలలో పడింది.

తుపాను బల్లుల కాళ్లను మార్చేసిందని చెప్పుకోవడం తప్పు. ఏ బల్లి వేలూ పెరగలేదు. పట్టు తక్కువవి పోయాయి, సగటు మారింది. పైగా బ్లోయరు ఎదుట బల్లి చేసిన పనే అసలు తుపానులోనూ చేసిందని కళ్లారా చూసినవారు లేరు. అయితే 2020లో 188 ఆనోల్ జాతులను పోల్చినప్పుడు, గత 70 ఏళ్లలో తుపాన్లు ఎక్కువ తగిలినచోటి జాతులకు మెత్తలు పెద్దవిగానే తేలాయి. అందుకే తుపాన్లు పట్టున్నవాటినే మిగులుస్తాయన్న వాదన నిలబడింది.

దాన్ని మన తొండకు అతికించడం మాత్రం తొందరపాటు. దానికి మెత్తలే లేవు, ఉన్నవి గోళ్లు. వేప, తుమ్మ బెరడులో అవి దిగుతాయి. నున్నటి జామాయిల్ మొద్దు మీద, ఇనుప పైపు మీద జారతాయి. గోడ బల్లికి మెత్తలున్నా సున్నం పొడి రాలే గోడ మీద పట్టు ఆ పొడికే అంటుతుంది, గోడకు కాదు. తొండకు ఇంకో చిక్కు, రాత్రి సన్నకొమ్మల మీద పడుకునే అలవాటు. చీకటి పడ్డాక గాలి లేస్తే కొమ్మతో పాటు ఊగాల్సిందే.

మన దుమారం రోజంతా వీచేది కాదు, కాసేపటికే తగ్గుతుంది. కాబట్టి ఇక్కడ కాలి పట్టు కన్నా దగ్గర్లో చాటు ఉండటమే ముఖ్యమని నా అభిప్రాయం. బండను ఆనుకున్నచోట గాలి వేగం బాగా తగ్గుతుంది, సందులోకి దూరితే దాదాపు తగలదు. చెలక చదును చేసే జేసీబీ ఒడ్డు మీది రాళ్ల కుప్పను ఎత్తేస్తే పోయేది ఆ సందే. ఒక మూలనైనా కుప్ప ఉంచాలి: అడుగున పెద్ద రాళ్లు, మీద చిన్నవి, మధ్య వేలు దూరేంత సందు, నీళ్లు నిలవని చోటు. సిమెంటు పూస్తే ఎందుకూ పనికిరాదు. గాలికి విరిగిన కొమ్మలను అదే సాయంత్రం తగలబెట్టొద్దు. వాటిలో ఉండిపోయి, వానకు తడిసి చల్లబడ్డ తొండ చురుగ్గా కదలలేకపోతుంది, మర్నాడు ఎండెక్కేదాకా ఆగితే దానంతటదే వెళ్లిపోతుంది.