ఆ ఒక్క గీత సంగతి ఎందుకు చెప్పరు?

పొద్దున్నే పక్కింటి అమ్మాయి తలుపు కొట్టింది. చేతిలో ఒక కవరు. అందులోంచి ఒక్కొక్కటే తీసి నా టేబుల్ మీద పెట్టింది. రెండున్నర అంగుళాల వెడల్పున గుడ్డ రింగులు, ఏడు. "అక్కా, బొంత అంచుకి పొడుగ్గా ఒకే పట్టీ రావాలి కదా, ఇలా విడివిడిగా వచ్చాయేంటి?" అంది. కళ్లనిండా నీళ్లు. తను చూసి కుట్టిన ఆ వీడియో చేసినవాళ్ల మీద నాకు ఒళ్లు మండిపోయింది. ఇంకా చల్లారలేదు, అందుకే రాస్తున్నా.

తను కుట్టిన మొదటి బొంత అది. మూలలు గుండ్రంగా తిప్పింది. వంపు తిరిగిన అంచుకి నిలువు పట్టీ, అంటే గుడ్డ దారం వెంట తిన్నగా కోసింది, వేస్తే ముడతలు పడతాయి. ఐమూలగా తీసిన క్రాస్ పట్టీ అయితే కాస్త సాగి ఒదిగిపోతుంది. అది తెలుసుకునే బయాస్ బైండింగ్, అంటే క్రాస్ పట్టీతో అంచు మూసి కుట్టడం, చేద్దామనుకుంది. లెక్క కూడా ఎంత శ్రద్ధగా వేసుకుందో! బొంత 60 అంగుళాలు, 72 అంగుళాలు. చుట్టుకొలత 264. చివరి అతుకుకీ మూలలకీ కలిపి 280. దాన్ని పట్టీ వెడల్పు 2.5తో గుణిస్తే కావాల్సిన గుడ్డ 700 చదరపు అంగుళాలు, దాని వర్గమూలం దాదాపు 26న్నర. కుట్లలో పోయేది కలుపుకుని 28 అంగుళాల చదరపు ముక్క కోసింది. నేనైనా అంతే కోసేదాన్ని.

ఆ ముక్కని ఐమూలగా రెండు త్రికోణాలు చేసింది. పొట్టి అంచులు కలిపి కుట్టింది. పక్కకి వాలిన ముక్క మీద రెండున్నర అంగుళాలకొక గీత గీసింది. ఇక్కడిదాకా వీడియోలో అన్నీ చూపించారు, స్కేలు ఎలా పట్టుకోవాలో కూడా. ఆ తర్వాత "ఇప్పుడు రెండు అంచులూ కలిపి గొట్టంలా కుట్టేయండి" అని ఒక్క ముక్క అనేసి, మ్యూజిక్ పెట్టేసి, మళ్లీ చూపించేసరికి చేతిలో పట్టీ చుట్ట!

ఆ "కలిపి" దగ్గరే కదండీ పనంతా ఉన్నది! గీతకి ఎదురుగా అదే గీత పెట్టి కుడితే వచ్చేవి రింగులే. ఒక గీత జరపాలి. ఇవతలి అంచు మీది మొదటి గీతని అవతలి అంచు మూలకి కలపాలి. అప్పుడు రెండు కొసల్లోనూ పట్టీ వెడల్పంత తోక బయటికి వేలాడుతుంది. అది చూడగానే కొత్తవాళ్లు ఏదో తప్పు చేశామనుకుని మూలకి మూల సరిచేసేస్తారు. ఈ అమ్మాయి చేసిందీ అదే. "అంచులు సమానంగా లేవని సర్దానక్కా" అంది. ఆ తోక నుంచే కత్తెర మొదలుపెట్టాలని, అది ఉండాల్సిందేనని ఒక్క వాక్యం చెబితే ఏం పోయేది?

ఇంకోటి. గీతలు కలవాల్సింది గుడ్డ అంచు దగ్గర కాదు, పావు అంగుళం లోపల, కుట్టు పడేచోట. గుండుసూది ఇటు గీత మీద గుచ్చి, ముక్క తిప్పి, అటు గీత మీద తేలిందో లేదో చూసుకోవాలి. ఒక్కో గీతకీ. మిషన్ మీద కుట్టు 1.5 మిల్లీమీటర్లకి తగ్గించుకోవాలి, ఎందుకంటే పట్టీ కోసేటప్పుడు ఆ కుట్టుని పదే పదే అడ్డంగా తెంచుతాం, పెద్ద కుట్టయితే కొసలు ఊడొస్తాయి. ఇవేవీ చెప్పరు.

ఇదంతా ఎందుకు, నిలువు పట్టీలు కోసి అతికేస్తే పోలా అనేవాళ్లున్నారు. అంచు తిన్నగా ఉన్న బొంతకి కూడా నేను ఒప్పుకోను. నిలువు పట్టీ మడత వెంట పడుగు దారమో పేక దారమో ఒకటే బారుగా పోతుంది. రోజూ రాపిడి దాని మీదే. అది తెగితే అంచంతా నోరు తెరుస్తుంది. క్రాస్ పట్టీలో దారాలన్నీ మడతని ఏటవాలుగా దాటుతాయి, అరుగుదల అందరూ పంచుకుంటారు. ఉతికి ఉతికి బొంతలో మొదట చిరిగేది అంచే కదా!

నిజం చెప్పాలంటే నా మంట ఈ వీడియోతో మొదలవలేదు. నేను కుట్టు నేర్చుకున్న చోట మేడమ్ ఈ గొట్టం కుట్టేటప్పుడు మాకు వీపు పెట్టి కూర్చునేవారు. అడిగితే "అది నీకు ఇప్పుడే వద్దులే, ముక్కలు కోసి అతుక్కో" అనేవారు. ఫీజు మాత్రం పూర్తిగా తీసుకున్నారు. రెండేళ్లు ముక్కలు అతికాను. ప్రతి అతుకూ ఇస్త్రీ చేసి, పక్కల పొడుచుకొచ్చిన చెవులు కత్తిరించి. చివరికి పాత దుప్పటి ముక్కల మీద నాలుగుసార్లు చెడగొట్టుకుని నా అంతట నేనే కనిపెట్టాను, ఒక గీత జరపాలని. ఒక్క గీత! దాన్ని రెండేళ్లు దాచిపెట్టారు నా దగ్గర. అది ఇప్పటికీ మర్చిపోలేను.

రింగులు పారేయనివ్వలేదు. ఒక్కోదాన్ని రెండో కుట్టు, అంటే గొట్టంలా కలిపిన కుట్టు, దగ్గర విప్పి, ఏడింటినీ వరసగా అతుకుతున్నాం. బొంతకి సరిపోయీ సరిపోకుండా ఉంది. మధ్యాహ్నం నుంచి తను కుట్లు విప్పుతోంది, నేను ఇస్త్రీ పెట్టె లాగకుండా అద్ది అద్ది తీస్తున్నా. నాలుగు అయ్యాయి. ఇంకా మూడున్నాయి.