రాకెట్టు కింద పాలచెట్టు

సెలవులకు అమెరికా నుంచి ఊరికి వెళ్ళొచ్చిన మనవాళ్ళు ఫోనులో చూపించే శ్రీహరికోట అంటే తెల్లటి పొగ, దాని పైన నిప్పుముక్క. 2019లో సందర్శకుల గ్యాలరీ తెరిచాక ఇలాంటి ఫొటోలు మరీ ఎక్కువయ్యాయి. ఫొటో కింది అంచున మసగ్గా ఒక నల్లని చార కనిపిస్తుంది. అది అడవి. ఆ చార ఏమిటని ఒక్కరైనా అడుగుతారేమోనని చూస్తుంటాను.

ఒక పక్క పులికాట్ సరస్సు, ఇంకో పక్క సముద్రం, నడుమ ఇసుక దీవి. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు తిరుపతి వైపు వెళ్ళింది గానీ, మా తరానికి అది నెల్లూరే. అక్కడ వానలన్నీ దాదాపు అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే. తరువాత నెలల తరబడి ఎండ, ఉప్పుగాలి. అయినా పాల, అల్లి లాంటి చెట్లు దళసరి ఆకులతో ఏడాదంతా పచ్చగానే నిలబడతాయి. తూర్పు తీరంలో ఇలాంటి అడవి ఇప్పుడు తునకలుగానే మిగిలింది.

నా పక్షపాతం పాలచెట్టు మీద. ఆకు కొసన ఎవరో కొరికినట్టు చిన్న నొక్కు ఉంటుంది. పెరగడం మహా నిదానం, కలప మహా గట్టి. ఎండాకాలంలో వేపపండంత పసుపు పండ్లు కాస్తాయి. చిన్నప్పుడు సూళ్ళూరుపేటలో ఒక యానాది అవ్వ గంపలో తెచ్చి సోలతో కొలిచి పోసేది. గుప్పెడు తినేసరికి పాలజిగురుకు పెదవులు అతుక్కుపోయేవి. "నూనె రాసుకో నాయనా" అని అవ్వ నవ్వేది.

ఒకప్పుడు మద్రాసు పొయ్యిలకు ఈ దీవి నుంచి కట్టెలు వెళ్ళేవి. 1971లో ఇక్కడి నుంచి తొలిసారి రోహిణి రాకెట్టు ఎగిరింది. రాకెట్ కేంద్రం వచ్చాక గొడ్డలి తగ్గి చెట్లు బతికాయి. కానీ ఏ చెట్టు దేనికి పనికొస్తుందో తెలిసిన యానాది కుటుంబాలు చాలావరకు దీవి విడిచి వెళ్ళాల్సి వచ్చింది. ఈ లెక్క నాకు ఇప్పటికీ సరిపడదు.

ఇక మన సంగతి. ఊళ్ళలో మొక్కలు నాటడానికి మనం ఏటా డబ్బు పంపుతున్నాం. పోయినసారి ఒక బడి ప్రహరీ వెంట చూస్తే అన్నీ కోనోకార్పస్ అనే విదేశీ మొక్కలే! తొందరగా ఏపుగా పెరుగుతాయి, ఫొటోకు బాగుంటాయి, అంతే. ఈసారి ఆ డబ్బులో సగమైనా పాలకు, అల్లికి, నేరేడుకు ఇద్దామని నా ప్రతిపాదన. పాలచెట్టు ఎదగడానికి ఏళ్ళు పడుతుందని ఎవరో అంటారు. గ్రీన్ కార్డు కోసం పదిహేనేళ్ళు కూర్చున్నవాళ్ళమేనా ఆ మాట అనేది?

మొక్కలు ఎక్కడ దొరుకుతాయంటారా? సపోటా అంట్లు కట్టే నర్సరీల్లో అడగండి. సపోటాను సాధారణంగా పాల మొక్క మీదే అంటుకడతారు. మీ పెరటి సపోటా మొదట్లో, అంటు కింద, అప్పుడప్పుడు ఒక చిగురు వేస్తుంది. అమ్మ దాన్ని పనికిరానిదని గిల్లేస్తుంటుంది. అదే పాల.