డీఎన్ఎస్ మారిస్తే స్పీడ్ పెరగదు, మరి ఎందుకు మార్చాలి?

"నెట్ స్లోగా ఉందా? ఈ నంబర్లు కొట్టండి చాలు" అనే తెలుగు వీడియోలకు యూట్యూబ్‌లో కొదవ లేదు. ఆ నంబర్లు 8.8.8.8 కావచ్చు, 1.1.1.1 కావచ్చు. సైటు పేరు చెబితే దాని చిరునామా వెతికిపెట్టే డీఎన్ఎస్ సర్వర్ల నంబర్లవి. చూసినవాళ్లు రౌటర్‌లోకి వెళ్లి నంబర్ మార్చి, వెంటనే స్పీడ్ టెస్ట్ పెడతారు. ఇందాక 92 వచ్చింది, ఇప్పుడు 95 వచ్చిందని సంబరపడతారు. ఆ మూడు ఎంబీపీఎస్‌కీ డీఎన్ఎస్‌కీ సంబంధమే లేదు. 100 ఎంబీపీఎస్ ప్లాన్‌కు డబ్బు కట్టినవాళ్లకు ప్రపంచంలో ఏ డీఎన్ఎస్ పెట్టినా 101 రాదు.

అలాగని డీఎన్ఎస్ మార్చడం దండగ అనడం లేదు. చాలా ఇళ్లలో మార్చాల్సిందే. కాకపోతే అందుకు కారణం స్పీడ్ కాదు.

బ్రౌజర్‌లో ఒక సైటు పేరు కొట్టినా, ఫోన్‌లో బ్యాంకు యాప్ తెరిచినా ముందుగా జరిగేది ఆ పేరున్న సర్వర్ ఏ ఐపీ నంబర్ (నెట్‌లో దాని చిరునామా) దగ్గర ఉందో అడగడం. జవాబు చెప్పే సర్వర్‌ని డీఎన్ఎస్ రిజాల్వర్ అంటారు. మనం ఏమీ మార్చకపోతే ఈ ప్రశ్న కనెక్షన్ ఇచ్చిన కంపెనీ రిజాల్వర్‌కే వెళ్తుంది. జవాబు వచ్చాక దాని పని అయిపోయినట్టే. సినిమా, ఫైలు, వీడియో కాల్ ఆ తర్వాత అసలు సర్వర్ నుంచి నేరుగా వస్తాయి. పైగా ఒకసారి వచ్చిన జవాబును ఫోను కాసేపు గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి ప్రతిసారీ అడగాల్సిన పని కూడా ఉండదు.

తేడా తెలిసే సందర్భం ఒకటుంది. సాయంత్రం అందరూ నెట్ మీద పడే వేళ కంపెనీ రిజాల్వర్ చేతులెత్తేస్తే వాట్సాప్ నడుస్తుంటుంది కానీ కొత్త సైటు ఏదీ తెరుచుకోదు, పేజీ తెల్లగా తిరుగుతూ ఉంటుంది. అలాంటి ఇంట్లో డీఎన్ఎస్ మారిస్తే నిజంగానే ప్రాణం లేచొస్తుంది. ఇది రివర్స్‌లోనూ జరుగుతుంది. మన ప్రశ్న హైదరాబాద్ నుంచి ముంబైకో చెన్నైకో పోకుండా, కంపెనీల మధ్య లింకులు సరిగా లేక సింగపూర్ దాకా వెళ్లొచ్చిందనుకోండి. ఫైబర్‌లో కాంతి వేగం లెక్కన చూసినా ఆ రానుపోను ప్రయాణం 30 మిల్లీసెకన్లకు తగ్గదు. ఊళ్లోనే ఉన్న కంపెనీ సర్వర్ అంతకన్నా ముందే జవాబిచ్చేది. వీడియో కంపెనీలు కొన్ని తమ సరుకును మన నెట్ కంపెనీ దగ్గరే కాపీ చేసి పెడతాయి. ఏ కాపీ దగ్గరకు పంపాలన్నది అడిగిన రిజాల్వర్ ఎక్కడుందో చూసి నిర్ణయించే పద్ధతి ఇప్పటికీ ఉంది. బయటి డీఎన్ఎస్ పెట్టుకున్న ఇంటిని అది దూరపు కాపీకి పంపినా పంపొచ్చు. వీడియోలు చేసేవాళ్లు ఈ సంగతి చెప్పరు.

అసలు విషయం ఎవరు చూస్తున్నారన్నది. పాల్ మోకాపెట్రిస్ 1983లో డీఎన్ఎస్‌ని రూపొందించినప్పుడు నెట్‌వర్క్ అంటే కొన్ని యూనివర్సిటీలు, పరిశోధన సంస్థలు. అందరూ అందరికీ తెలిసినవాళ్లే కాబట్టి ప్రశ్నను దాచాలన్న ఆలోచనే అప్పుడు లేదు. 40 ఏళ్లు దాటినా మామూలు డీఎన్ఎస్ ప్రశ్న ఇప్పటికీ కవరు లేని పోస్టుకార్డే. ఏ ఇంటి నుంచి ఏ వేళకు ఏ ఆస్పత్రి సైటు, ఏ పెళ్లి సంబంధాల సైటు, ఏ లోన్ యాప్ పేరు అడిగారో దారిలో ఉన్నవాళ్లంతా చదవొచ్చు. బ్రౌజర్‌లో తాళం గుర్తు కనిపించినా ఈ ప్రశ్న మాత్రం బయటే ఉంటుంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. రౌటర్‌లో 8.8.8.8 పెట్టేశాం, ఇక నెట్ కంపెనీకి ఏమీ తెలియదనుకుంటారు. పోస్టుకార్డు మీద చిరునామా మారింది, అంతే. అది వెళ్లేది అదే కంపెనీ వైరు మీద, డీఎన్ఎస్ ప్రశ్నలు వెళ్లే అదే 53వ నంబర్ పోర్టు (ద్వారం) గుండా, అందరూ చదవగలిగేలాగే. కొన్ని నెట్‌వర్క్‌లు ఇంకో అడుగు ముందుకేసి, 53కి వెళ్లే ప్రశ్నలన్నిటినీ పట్టుకుని మనం ఏ నంబర్ పెట్టినా తమ సర్వర్ చేతే జవాబు చెప్పిస్తాయి. నిజంగా దాచాలంటే ప్రశ్నే ఎన్‌క్రిప్ట్ కావాలి, అంటే దారిలో ఎవరూ చదవలేని రహస్య రూపంలోకి మారాలి. దానికి రెండు పద్ధతులున్నాయి. 2016లో వచ్చిన డీఎన్ఎస్ ఓవర్ టీఎల్ఎస్ 853 పోర్టు వాడుతుంది. 2018లో వచ్చిన డీఎన్ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్ మామూలు వెబ్ ట్రాఫిక్‌లో కలిసిపోతుంది. అప్పటికీ సైటుకు కనెక్ట్ అయ్యే మొదటి క్షణంలో ఆ సైటు పేరు చాలాసార్లు తెరిచే వెళ్తుంది కాబట్టి ఇది వంద శాతం గోప్యత కాదు.

ఎన్‌క్రిప్ట్ చేశాక నెట్ కంపెనీకి కనబడనిది మరొకరికి కనబడుతుంది. నమ్మకాన్ని ఒకరి దగ్గర తీసి ఇంకొకరి దగ్గర పెడుతున్నాం. ఎవరి దగ్గర పెట్టాలి?

2009 డిసెంబర్‌లో వచ్చిన గూగుల్ పబ్లిక్ డీఎన్ఎస్, అంటే 8.8.8.8, నమ్మకంగా పనిచేస్తుంది. మన ఐపీ చిరునామా ఉండే లాగ్‌లను, అంటే ఎవరు ఏం అడిగారన్న రికార్డులను, 24 నుంచి 48 గంటల్లో తీసేస్తామని దాని విధానం చెబుతుంది. అయితే సెర్చ్, మ్యాప్స్, జీమెయిల్, యూట్యూబ్ ద్వారా మన గురించి ఇప్పటికే ఇంత తెలిసిన కంపెనీకి ఇది కూడా అప్పగించాలా అన్నది నా సందేహం. 2018 ఏప్రిల్ 1న మొదలైన క్లౌడ్‌ఫ్లేర్ 1.1.1.1 వేగంలో ముందుంటుంది, లాగ్‌లను 25 గంటల్లో చెరిపేస్తామంటుంది. 2017లో వచ్చిన క్వాడ్9, అంటే 9.9.9.9, లాభాపేక్ష లేని సంస్థ. 2021లో స్విట్జర్లాండ్‌కు మారి అక్కడి చట్టం కిందికి వెళ్లింది. ఐపీ చిరునామాలను అసలు నమోదే చేయమంటుంది. మోసపూరిత సైట్లని తేలిన పేర్లకు జవాబివ్వకపోవడం దాని అలవాటు. యాడ్స్ తగ్గాలనుకునేవాళ్లకు యాడ్‌గార్డ్ 94.140.14.14 ఉంది, కానీ దానితో యూట్యూబ్ యాడ్స్ పోతాయని ఆశపడకండి. వీడియో, యాడ్ రెండూ ఒకే చోటు నుంచి వస్తుంటే పేరును బట్టి ఏది ఏదో విడదీయడం కుదరదు.

వీటిలో దేన్నీ దేవుణ్ని చేయక్కర్లేదు. జర్మనీలో సోనీ మ్యూజిక్ కేసు వేస్తే ఒక సైటును ఆపాలని 2021లో హాంబర్గ్ కోర్టు క్వాడ్9ను ఆదేశించింది. 2023 డిసెంబర్‌లో డ్రెస్డెన్ పై కోర్టు క్వాడ్9 పక్షాన తీర్పునిచ్చేదాకా ఆ గొడవ నడిచింది. 2024లో ఫ్రాన్స్‌లో స్పోర్ట్స్ పైరసీ సైట్లను డీఎన్ఎస్‌లోనే ఆపాలని కోర్టు చెప్తే, సిస్కోకు చెందిన ఓపెన్‌డీఎన్ఎస్ ఆ దేశంలో సర్వీసునే ఆపేసింది. 2025 జూలైలో క్లౌడ్‌ఫ్లేర్ సొంత సెట్టింగ్ పొరపాటుతో 1.1.1.1 గంటకు పైగా పడిపోయింది. మన టైములో అది తెల్లవారుజామున మూడు దాటాక కాబట్టి ఇక్కడ పెద్దగా ఎవరూ గమనించలేదు. అదే రాత్రి ఎనిమిదికి అయ్యుంటే "నెట్ పోయింది" అని ఇళ్లన్నీ గగ్గోలు పెట్టేవి.

నా దృష్టిలో మన ఇళ్లకు మోసాల వడపోత ఉన్న డీఎన్ఎస్ మొదటి ఎంపిక కావాలి. తెలుగు రాష్ట్రాల్లో ఈ రెండు మూడేళ్లుగా వాట్సాప్‌లో తిరుగుతున్నవి చూడండి. ట్రాఫిక్ చలాన్ పేరుతో ఒక ఏపీకే ఫైలు (నొక్కితే ఫోన్‌లో యాప్ వేసేది), పీఎం కిసాన్ పేరుతో ఇంకొకటి, బ్యాంకు కేవైసీ అంటూ ఒక లింకు. గోప్యత గురించి వ్యాసాలు చదివేవాళ్లు కాదు వాటిని నొక్కేది. ఇంట్లో అమ్మ, మామయ్య, ఊళ్లో ఉండే పెద్దనాన్న. ఆ లింకు వెనకున్న పేరు అప్పటికే చెడ్డ జాబితాలోకి ఎక్కి ఉంటే క్వాడ్9 గానీ, క్లౌడ్‌ఫ్లేర్ మాల్వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) వడపోత 1.1.1.2 గానీ జవాబివ్వవు, పేజీ తెరుచుకోదు. గంట క్రితం పుట్టిన సైటైతే జాబితాలో ఉండకపోవచ్చు. ఇక సీబీఐ అధికారినని వీడియో కాల్‌లో బెదిరించేవాణ్ని ఏ డీఎన్ఎస్సూ ఆపలేదు. అయినా రూపాయి ఖర్చు లేకుండా, ఆ పెద్దవాళ్లకు ఏమీ నేర్పకుండా దొరికే రక్షణ ఇంతకన్నా ఇంకోటి లేదు.

ఎక్కడ మార్చాలి? అందరూ రౌటర్‌తో మొదలుపెడతారు, నేను ఫోన్‌తో మొదలుపెట్టమంటాను. నెట్ కంపెనీలు ఇచ్చే రౌటర్లలో ఎక్కువ వాటికి ఎన్‌క్రిప్ట్ చేసిన డీఎన్ఎస్ పంపడం రాదు. ఫోను మాత్రం ఇంటి వైఫై దాటి మొబైల్ డేటాలోకి వెళ్లినా తన సెట్టింగ్‌ను వెంట తీసుకెళ్తుంది. ఆండ్రాయిడ్ 9 నుంచి ప్రతి ఫోన్‌లోనూ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో "ప్రైవేట్ డీఎన్ఎస్" ఉంటుంది. కంపెనీని బట్టి ఆ పేజీ ఎక్కడో లోపల దాగి ఉంటుంది కాబట్టి సెట్టింగ్స్ సెర్చ్‌లో పేరు కొట్టి వెతకడమే తేలిక. లోపల మూడు ఆప్షన్లు కనబడతాయి: ఆఫ్, ఆటోమేటిక్, మూడోది హోస్ట్‌నేమ్. ఆ మూడో దాంట్లో చాలామంది 9.9.9.9 అని కొట్టి, సేవ్ బటన్ పని చేయట్లేదేంటని తల పట్టుకుంటారు. అక్కడ నంబర్ చెల్లదు, పేరే ఇవ్వాలి. క్వాడ్9కి అయితే డీఎన్ఎస్ డాట్ క్వాడ్9 డాట్ నెట్, ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా. ఐఫోన్‌లో వైఫై పేజీలో మార్చేది మామూలు డీఎన్ఎస్సే. ఎన్‌క్రిప్షన్ కావాలంటే ఆ సర్వీసు వాళ్ల యాప్ గానీ ప్రొఫైల్ గానీ వేసుకోవాలి.

రౌటర్ వంతు ఆ తర్వాత. టీవీ, సీసీ కెమెరా లాంటి వాటి కోసం అది కూడా అవసరమే. బ్రౌజర్‌లో రౌటర్ చిరునామా 192.168.1.1లోకో, జియో అయితే 192.168.29.1లోకో వెళ్లి, ఇంట్లోని పరికరాలకు నెట్ సెట్టింగ్స్ పంచే డీహెచ్‌సీపీ పేజీలో డీఎన్ఎస్ గడులు మార్చాలి. పాత విలువలు ముందే ఫోటో తీసి పెట్టుకోండి. కొన్ని కంపెనీల రౌటర్లలో ఆ గడులు మార్చనివ్వవు, అప్పుడు సొంత రౌటర్ కొనుక్కోవడం తప్ప దారి లేదు. అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా ఆ చేత్తోనే మార్చేయండి. డీఎన్ఎస్‌ని మనం మార్చగలిగితే దొంగ కూడా మార్చగలడు. డీఎన్ఎస్ ఛేంజర్ అనే మాల్వేర్ ప్రపంచమంతటా 40 లక్షల కంప్యూటర్లలో సరిగ్గా ఆ పనే చేసిందని 2011లో ఎఫ్‌బీఐ బయటపెట్టింది.

రౌటర్‌లో రెండు గడులుంటాయి. మొదటిది పనిచేయకపోతేనే రెండోదని అనుకుని, పైన 9.9.9.9, కింద 8.8.8.8 పెడతారు. చాలా పరికరాలు ఆ వరస పాటించవు, ఏది త్వరగా పలికితే దాన్నే అడుగుతాయి. వడపోత లేనిది ఒకటి పక్కన ఉంటే వడపోతకు అర్థం లేదు. బ్యాకప్ కావాలంటే రెండో గడిలోనూ వడపోత ఉన్నదే పెట్టాలి, 9.9.9.9 పక్కన 1.1.1.2 లాగా. ఇంకో తిరకాసు ఐపీవీ6, అంటే పాత ఐపీవీ4 తర్వాత వచ్చిన కొత్త తరం ఐపీ చిరునామాలు. మన దేశంలో దాని వాడకం చాలా ఎక్కువ. ఐపీవీ4 గడులు మార్చి దీన్ని వదిలేస్తే సగం ప్రశ్నలు పాత దారినే పోతుంటాయి. పిల్లల కోసం, అశ్లీల సైట్లను కూడా ఆపే క్లౌడ్‌ఫ్లేర్ 1.1.1.3 పెట్టి నిశ్చింతగా ఉండేవాళ్లు కూడా ఒకటి గుర్తుంచుకోవాలి. పిల్లాడు వైఫై ఆపి మొబైల్ డేటా వేసుకుంటే రౌటర్ చేసేదేమీ లేదు.

ప్రైవేట్ డీఎన్ఎస్ పెట్టాక వచ్చే టెన్షన్ వేరే ఉంది. రైల్వే స్టేషన్‌లో, హోటల్లో వైఫై కనెక్ట్ అవుతుంది కానీ ఒక్కోసారి లాగిన్ పేజీ రాదు. ఇంట్లో నెట్ బిల్లు గడువు దాటినప్పుడూ అంతే. మామూలుగా అయితే రీఛార్జ్ పేజీ దానంతటదే వచ్చేది, ఇప్పుడు "ఇంటర్నెట్ లేదు" అని మాత్రమే చూపిస్తుంది, మనం ఫైబర్ తెగిందనుకుని కేబుల్ ఆఫీసుకి ఫోన్ చేస్తాం. కాసేపు ఆటోమేటిక్‌లో పెట్టి, పని అయ్యాక మళ్లీ మార్చుకోవాలి. అమ్మ ఫోన్‌లో పెట్టి ఇచ్చేటప్పుడు ఇది చెప్పకపోతే రెండో రోజే ఎవరో ఆఫ్ చేసేస్తారు.

మన దేశంలో ఆపేసిన సైట్ల కోసం డీఎన్ఎస్ మార్చేవాళ్ల సంగతి క్లుప్తంగా. పైరసీ సినిమాల కోసమైతే నా దగ్గర సలహా లేదు. కానీ వీఎల్‌సీ ప్లేయర్ సైటు 2022లో నెలల తరబడి మన దేశంలో తెరుచుకోలేదు, కారణం వాళ్లకే చెప్పలేదు, ఆ నవంబర్‌లో గానీ నిషేధం తొలగించలేదు. ఇలాంటివి అడపాదడపా జరుగుతూనే ఉంటాయి. డీఎన్ఎస్ ఒక్కటీ మార్చి వాటిని దాటేద్దామన్నా, కనెక్ట్ అయ్యేటప్పుడు కనిపించే పేరును చూసి ఆపే నెట్‌వర్క్‌లలో అది పని చేయదు.

ఇంత తతంగం ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు కూర్చుని చేయాలా అన్నది నా అసలు అభ్యంతరం. ఇందాక చెప్పిన "ఆటోమేటిక్" ఆప్షన్ ఏం చేస్తుందంటే, కనెక్ట్ అయిన నెట్‌వర్క్ రిజాల్వర్‌కు 853 పోర్టు తెరిచి ఉందేమో చూస్తుంది. ఉంటే చెప్పాపెట్టకుండా ఎన్‌క్రిప్షన్‌లోకి మారుతుంది. అంటే మన నెట్ కంపెనీ తన సర్వర్ల వైపు ఆ ఒక్క సదుపాయం పెట్టి, రౌటర్లు ఫోన్లకు ఆ సర్వర్ల చిరునామానే ఇచ్చేలా చూస్తే చాలు, దాని కనెక్షన్ మీదున్న కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లన్నీ ఎవరూ సెట్టింగ్ ముట్టకుండానే పోస్టుకార్డు నుంచి కవరుకు మారతాయి. ఊళ్లోనే సర్వర్, దగ్గరి కాపీ నుంచే వీడియో, దారిలో ఎవరూ చదవలేరు. కంపెనీకి మాత్రం కనబడుతుంది, ఆ సంగతి తేల్చాల్సింది డేటా రక్షణ చట్టం. అమెరికాలో కామ్‌కాస్ట్ 2020లోనే ఫైర్‌ఫాక్స్‌తో ఒప్పందం చేసుకుని ఎన్‌క్రిప్ట్ చేసిన డీఎన్ఎస్ ఇచ్చింది. ఇక్కడ ప్లాన్‌తో పాటు ఓటీటీలు డజను ఉచితంగా ఇస్తామనే ప్రకటనల్లో ఈ మాట ఎక్కడా కనబడదు. కొత్త కనెక్షన్ తీసుకునేటప్పుడు ఎన్ని ఓటీటీలు అని కాకుండా, మీ డీఎన్ఎస్ ఎన్‌క్రిప్ట్ అవుతుందా అని అడిగి చూడండి. సేల్స్ కుర్రాడికి అర్థం కాకపోవచ్చు. పై ఆఫీసుకి కనుక్కుని చెప్పమనండి.