పదిహేనేళ్లకే ఫస్టొచ్చినవాళ్లంతా ఏమయ్యారు?

2002 జులైలో జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో ప్రపంచ జూనియర్ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. 100 మీటర్లలో ట్రినిడాడ్ కుర్రాడు డారెల్ బ్రౌన్ 10.09 సెకన్లలో గెలిచాడు. 200 మీటర్లలో సొంతగడ్డ మీద పరిగెత్తిన పదిహేనేళ్ల ఉసేన్ బోల్ట్ గెలిచాడు. ఆ రోజు టెన్షన్‌లో కుడి బూటు ఎడమ కాలికి, ఎడమది కుడి కాలికి వేసుకున్నానని తర్వాత తనే చెప్పుకున్నాడు. ఈ ఇద్దరిలో ముందు దూసుకెళ్లింది బ్రౌనే. ఏడాది దాటిన కొద్ది రోజులకే, 18 ఏళ్ల వయసులో, పారిస్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో సీనియర్ల మధ్య పరిగెత్తి 100 మీటర్ల రజతం పట్టేశాడు, అదే టోర్నీలో 10.01తో జూనియర్ ప్రపంచ రికార్డు కూడా పెట్టాడు. అక్కణ్ణుంచి వరుసగా గాయాలు. కెరీర్ మొత్తంలో అతని బెస్ట్ 9.99. అంటే పద్దెనిమిదేళ్లకు ఉన్న టైమింగ్ నుంచి జీవితాంతం తగ్గించుకోగలిగింది సెకనులో వందో వంతులు రెండే. వ్యక్తిగత విభాగంలో ప్రపంచ పతకం మళ్లీ రాలేదు.

పారిస్ ఫైనల్లో అతన్ని వెంట్రుకవాసి తేడాతో ఓడించిన కిమ్ కాలిన్స్ వయసు అప్పటికి 27. ఆ కాలిన్స్ తన కెరీర్ బెస్ట్ 9.93 ఎప్పుడు పరిగెత్తాడో తెలుసా? 2016లో, నలభై నిండాక.

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని మనవాళ్లు ఊరికే అనలేదు, నిజమే. కానీ పరుగు పందేల రికార్డులు ముందేసుకుని కూర్చుంటే ఆ సామెత మీద నమ్మకం సడలుతుంది. జూనియర్ల ప్రపంచ పోటీలు 1986లో మొదలయ్యాయి. అప్పటి నుంచి మగపిల్లల 100 మీటర్లలో టైటిల్ కొట్టినవాళ్లలో ఒలింపిక్ 100 మీటర్ల స్వర్ణం కూడా గెలిచిన మొదటివాడు నోవా లైల్స్. 2016లో జూనియర్ టైటిల్, 2024లో పారిస్ స్వర్ణం. మధ్యలో అన్నేళ్ల పాటు ఒక్కరు లేరు! బోల్ట్‌ది జూనియర్లలో 200 మీటర్ల టైటిల్ కాబట్టి ఈ లెక్కలోకి రాడు. మరి ఆ ఏళ్లలో ఒలింపిక్స్ గెలిచింది ఎవరయ్యా అంటే, 1992లో లిన్‌ఫర్డ్ క్రిస్టీ, అప్పటికి 32 ఏళ్లు. 1996లో డోనవన్ బెయిలీ, ఇరవైలు దాటి ఉద్యోగం చేసుకుంటూ ఉండి ఆ తర్వాతే పరుగును సీరియస్‌గా తీసుకున్న మనిషి. టోక్యోలో మార్సెల్ జాకబ్స్, లాంగ్ జంప్ నుంచి వచ్చినవాడు, 2021 దాకా 10 సెకన్ల లోపు ఒక్కసారీ పరిగెత్తలేదు.

ఇక్కడ ఎవరైనా అడ్డం తిరగొచ్చు. బోల్ట్ పదిహేనేళ్లకే గెలిచాడుగా, అలిసన్ ఫెలిక్స్ 18 ఏళ్లకే ఏథెన్స్‌లో ఒలింపిక్ రజతం తెచ్చిందిగా, బోట్స్వానా కుర్రాడు లెట్సిలె టెబోగో రెండుసార్లు జూనియర్ చాంపియనై పారిస్‌లో 200 మీటర్ల స్వర్ణం కొట్టాడుగా అని. నిజమే, కొట్టారు. పెద్దయ్యాక గెలిచినవాళ్ల చిన్నతనం తవ్వితే చాలాసార్లు వేగం కనిపిస్తుంది. చిన్నప్పుడు అందరికంటే వెనకబడి ఉన్న పిల్లాడు పాతికేళ్లకు ప్రపంచాన్ని గెలవడం ఈ ఆటలో దాదాపు జరగదు. కానీ దాన్ని తిరగేసి, చిన్నప్పుడు వేగంగా ఉన్నవాళ్లంతా పెద్దయ్యాక గెలుస్తారనుకుంటే బోల్తా పడతాం. గెలిచినవాళ్ల ఇంటర్వ్యూలే మనం చూస్తాం, ఇరవై ఒకటో ఏట మోకాలికి కట్టు కట్టుకుని ఇంటికెళ్లిపోయినవాడి దగ్గరికి మైకు పట్టుకుని ఎవరూ వెళ్లరు.

అసలు పద్నాలుగు, పదిహేనేళ్లప్పుడు స్టాప్‌వాచ్ కొలిచేది ఏమిటన్నది చూడాలి. ఒకే క్లాసులో ఇద్దరు మగపిల్లలను పక్కపక్కన నిలబెట్టండి, ఒకడికి మీసం మొలిచి గొంతు మారి ఉంటుంది, ఇంకొకడు ఇంకా చిన్నపిల్లాడిలాగే ఉంటాడు. మొదటివాడికి కండ ముందొచ్చింది, అంతే. రెండో వాడు రెండేళ్లలో అందుకుంటాడు, ఒక్కోసారి దాటేస్తాడు కూడా. కాకపోతే అప్పటికి వాడు గ్రౌండ్ మానేసి ఇంటర్ కోచింగ్‌లో ఉంటాడు. ఆడపిల్లలకు కథ ఇంకోలా ఉంటుంది. ఈడొచ్చాక ఒంటి తీరు మారి కొన్నేళ్లు టైమింగ్ కదలదు, ఒక్కోసారి వెనక్కి పోతుంది. అమెరికా అమ్మాయి క్యాండేస్ హిల్ 2015లో, పదహారేళ్లకు, 100 మీటర్లు 10.98లో పరిగెత్తింది. హైస్కూల్ అమ్మాయి ఎవరూ అంతకుముందు 11 సెకన్ల లోపు పరిగెత్తలేదు. ఆ ఏడాదే ఒక బూట్ల కంపెనీ పదేళ్ల కాంట్రాక్టు ఇచ్చింది. 2016లో పోలండ్‌లో జరిగిన జూనియర్ పోటీల్లో స్వర్ణం కూడా గెలిచింది. (లైల్స్ గెలిచిందీ, మన నీరజ్ చోప్రా 86.48 మీటర్లు విసిరిందీ అదే మీట్‌లో.) ముగ్గురిలో ఇద్దరు ఒలింపిక్ చాంపియన్లయ్యారు. హిల్ మాత్రం ఆ పదహారేళ్లనాటి టైమింగ్‌ను దాటలేకపోయింది.

జపాన్ కుర్రాడు యోషిహిదే కిర్యూ 2013 ఏప్రిల్‌లో, పదిహేడేళ్లకు, 10.01 పరిగెత్తాడు. ఇక 10 సెకన్ల లోపు పరిగెత్తబోయే తొలి జపనీయుడు వీడేనని దేశమంతా వాడి మీద పడింది. ఆ మిగిలిన వందో వంతుల కోసం నాలుగేళ్లకు పైగా పట్టింది. 2017 సెప్టెంబరులో 9.98 వచ్చింది. ఆ నాలుగేళ్లలో వాడు ఏ పోటీకి వెళ్లినా అందరూ అడిగింది ఆ ఒక్క అంకె గురించే.

బోల్ట్ కూడా ఈ సందులోంచి నడిచొచ్చినవాడే. 2004లో 17 ఏళ్లకు 200 మీటర్లు 19.93 పరిగెత్తి, అదే ఏడాది ఏథెన్స్‌లో కాలి గాయంతో మొదటి రౌండ్‌లోనే ఇంటికొచ్చేశాడు. 2005 ప్రపంచ ఫైనల్లో గాయంతో ఆఖరున వచ్చాడు. వెన్నెముక వంకరని డాక్టర్లు తేల్చారు. కోచ్ గ్లెన్ మిల్స్ ఆ వెన్ను, తొడ వెనక కండరాల మీద ఓపిగ్గా పనిచేశాడు. జమైకా ఆ రెండు మూడేళ్లు అతన్ని వదిలేయలేదు. నాకైతే బోల్ట్ కథలో 2002 కంటే 2005 ముఖ్యమనిపిస్తుంది.

మన దగ్గర ఆ ఓపిక తక్కువ. పైగా బహుమతి అంతా ముందే ఇచ్చేస్తాం. హిమాదాస్ 2018 జులైలో ఫిన్లాండ్‌లో జూనియర్ 400 మీటర్లు గెలిచింది, నెల తర్వాత జకార్తాలో 50.79తో ఆసియా క్రీడల రజతం తెచ్చింది, ఆ ఏడాదే అర్జున అవార్డు. తర్వాత నడుము గాయం, 400 వదిలి 100, 200లకు మారడం. ఆ 50.79 మళ్లీ రాలేదు. తప్పు ఆ అమ్మాయిది అనడం అన్యాయం, పద్దెనిమిదేళ్ల పిల్ల మీద అంత బరువు పెట్టింది మనమే.

కింది స్థాయిలో ఇంకా దారుణం. అండర్-14, అండర్-16 పతకానికి సర్టిఫికెట్ ఉంది, స్పోర్ట్స్ కోటా సీటు ఉంది, తర్వాత ఉద్యోగం ఆశ ఉంది. అందుకే పుట్టిన తేదీలు మారిపోతాయి, మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు చూడాల్సిన గతి పట్టింది. పదిహేడేళ్లవాడు పద్నాలుగేళ్లవాళ్లతో పరిగెత్తి గెలిస్తే వాడేమీ ప్రపంచ చాంపియన్ అవ్వడు. నిజంగా పద్నాలుగేళ్లుండి నాలుగో స్థానంలో వచ్చినవాడిని మాత్రం పోగొట్టుకుంటాం.

తెలంగాణలో హకీంపేట స్పోర్ట్స్ స్కూల్ నాలుగో తరగతికి పిల్లల్ని తీసుకుంటుంది. ఎత్తు, బరువు చూస్తారు, 30 మీటర్ల ఫ్లయింగ్ స్టార్ట్ (ముందే పరుగందుకుని వచ్చి ఆ దూరం పరిగెత్తడం), నిలబడి లాంగ్ జంప్, షటిల్ రన్, మెడిసిన్ బాల్ విసరడం, 800 మీటర్ల పరుగు. ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలు! ఆ వయసులో ఎంపిక చేయడం తప్పనను, పల్లెటూరి పేద పిల్లలకు తిండి, చదువు, గ్రౌండ్ దొరికే దారి అది. కానీ ఆ రోజు సెకనులో పదో వంతు తేడాతో పోయినవాడికి రెండో దారి ఏది?

విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజినే తీసుకోండి. పొడుగ్గా ఉందని స్కూల్లో పీఈటీ సార్ హర్డిల్స్ వైపు పంపారు. విశాఖ నుంచి హైదరాబాద్, అక్కణ్ణుంచి గుంటూరు, భువనేశ్వర్ ఇలా కోచ్‌లు మారుతూ వెళ్లింది. 2020లో 100 మీటర్ల హర్డిల్స్ 13.03 సెకన్లలో పరిగెత్తితే ఆ మీట్‌లో డోప్ పరీక్ష చేయలేదని లెక్కలోకి తీసుకోలేదు, 2022 ఏప్రిల్‌లో 13.09 వస్తే వెనక గాలి ఎక్కువైందని కొట్టేశారు. చివరికి ఆ మేలో సైప్రస్‌లో 13.23తో, 2002 నాటి జాతీయ రికార్డు బద్దలైంది. అప్పటికి 22 ఏళ్లు దాటాయి. ఆసియా చాంపియన్ అయింది ఆ తర్వాతే.

నా వరకైతే అండర్-14, అండర్-16 పతకాలకు నగదు, కోటా మార్కులు ఎత్తేసి, ఆ డబ్బుతో జిల్లాకో ఫిజియోను పెట్టాలి. హకీంపేట లాంటి చోట్ల పదహారు, పదిహేడేళ్లకు ఇంకో ఎంపిక పెట్టాలి, నాలుగో తరగతిలో పోయినవాళ్లూ, నిన్నటిదాకా కబడ్డీ ఆడినవాళ్లూ వచ్చేలా. లోపలున్నవాడు గాయంతో ఒక సీజన్ పోగొట్టుకుంటే హాస్టల్ సీటు తీసేయకూడదు, కనీసం ఇరవై రెండేళ్లొచ్చేదాకా.