జన్యువుల నోరు నొక్కేస్తున్నారు, అడిగే నాథుడేడి?

రాజ్యాంగం 19వ అధికరణం మనకు భావ వ్యక్తీకరణ స్వేచ్ఛ ఇచ్చి డెబ్బై ఏళ్లు దాటింది. జన్యువు పనిచేయడాన్ని కూడా సైన్సు పుస్తకాలు 'వ్యక్తీకరణ' అనే అంటాయి. మాట ఒకటే అయినప్పుడు హక్కు మాత్రం ఎందుకు ఉండకూడదు? మనిషి కణంలో ప్రోటీన్లు చేయించే జన్యువులు దాదాపు 20,000. కాలేయంలోనూ ఆ సెట్టే, కంట్లోనూ ఆ సెట్టే. కానీ కాలేయంలో కంటి జన్యువు నోరెత్తితే ఒట్టు! ఈ అణచివేతను ఖండిస్తూ వినతిపత్రం రాద్దామని కూర్చున్నాను.

ముందు నిందితులు తేలాలి కదా. పాలీకోంబ్ అనే ప్రోటీన్ల ముఠా ఒకటి దొరికింది. డీఎన్ఏ దారం హిస్టోన్లనే కండెలకు చుట్టుకుని ఉంటుంది. ఈజెడ్‌హెచ్2 అనే ముఠా సభ్యుడు వచ్చి ఆ కండె మీద మిథైల్ అనే రసాయన గుర్తులు పెట్టి పోతాడు. ఎన్ని? సరిగ్గా మూడు. జన్యువుకు అక్షరాలా మూడు నామాలు! ఆ నామాలు చూసిన మిగతావాళ్లు అక్కడి దారాన్ని బిగించేస్తారు. కణం రెండైతే నామాలు కూడా వారసత్వంగా వెళ్తాయి. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

పాలీకోంబ్ అంటే బోలెడు దువ్వెనలని అర్థం. మగ పండు ఈగకు ముందు కాళ్ల జత మీద మాత్రమే దువ్వెన లాంటి ముళ్ల వరస ఉంటుంది. 1947లో పమేలా లూయిస్ వెనక కాళ్ల మీద కూడా దువ్వెనలున్న ఈగల్ని గుర్తించారు. నాకు పట్టరాని సంతోషం వేసింది, విముక్తి వెనక కాళ్ల దాకా వచ్చిందని. ఆ దువ్వెనలు దేనికని ఈగ అడగలేదు, నేనూ అడగలేదు. లోపం నోరు నొక్కే పాలీకోంబ్ జన్యువులోనే ఉందని 1978లో ఆమె భర్త ఎడ్వర్డ్ లూయిస్ చెప్పారు. ఈగ శరీర నిర్మాణం మీద ఆయన చేసిన పనికి 1995లో నోబెల్ వచ్చింది. దువ్వెనలు పట్టుకున్న ఆవిడ పేరు ఎంతమందికి తెలుసు? అణచివేత గురించి మాట్లాడుతున్నాం కాబట్టి అడుగుతున్నా.

సరే, సగం స్వేచ్ఛతో దువ్వెనలొస్తే పూర్తి స్వేచ్ఛతో ఏమొస్తుంది? పాలీకోంబ్ అసలు లేని పిండాల్ని కూడా చూశారు. రెక్కలు, కాళ్లు రావాల్సిన ఖండాలతో సహా అన్నీ పొట్ట చివరి ఖండంలా తయారవబోతాయి. అందరికీ తోక పదవే కావాలి. పిండం గుడ్డులోనే పోతుంది. అందరూ మాట్లాడితే అందరి మాటా వినపడుతుందనుకున్నాను. తీరా చూస్తే వెనక బెంచీవాడి గొంతే నెగ్గుతోంది. వినతిపత్రంలో 'సంపూర్ణ' అన్న మాట చప్పుడు చేయకుండా కొట్టేశాను.

అయినా ఒక కేసు మాత్రం వదలను. కడుపులో ఉన్నప్పుడు బిడ్డ రక్తంలో వేరే రకం హీమోగ్లోబిన్ ఉంటుంది. పుట్టిన కొన్ని నెలలకు బీసీఎల్11ఏ అనే ప్రోటీన్ అధికారి దాని జన్యువును మూలన కూర్చోబెడతాడు. ఆ స్థానంలోకి పెద్దల రకం వస్తుంది. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే సికిల్ సెల్ వ్యాధిలో చెడింది ఈ పెద్దల రకమే. చిన్ననాటి మంచి జన్యువు మాత్రం లోపలే ఉంది, చెక్కుచెదరకుండా, నోరు మూసుకుని. రక్త మూలకణాల్లో ఆ అధికారి గొంతునే జన్యు కత్తెరతో తగ్గిస్తే పాత జన్యువు మళ్లీ పలుకుతుంది. 2023 చివర్లో బ్రిటన్, అమెరికా ఈ వైద్యాన్ని ఆమోదించాయి కూడా. చూశారా, నేను చెప్పిందే నిజమైంది!

అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. ఒక్క నోరు తెరిపించడానికి. సికిల్ సెల్‌తో పుట్టే పిల్లలు మన పాడేరు, ఉట్నూరు ఏజెన్సీ గూడేల్లో ఉన్నారు. వినతిపత్రం మడిచి కవర్లో పెట్టాను. 'గౌరవనీయులైన' అని రాసి, తర్వాత ఎవరి పేరు రాయాలో తెలియక అరగంట నుంచి పెన్ను పట్టుకుని కూర్చున్నాను.